బొట్టు పెట్టిన సరుకు

పుష్య బహుళ పాడ్యమి. దీపపుమెట్ట రేవు. గాలి ఈశాన్యం. నీరు నిండుగా. బొగ్గు నాలుగు రోజులకి.

ఈ దినచర్య పుస్తకం రేవు వాళ్ళు అచ్చువేసి ఇచ్చేది. గాలికో గడి, నీటికో గడి, బొగ్గుకో గడి. చివర 'విశేషాలు' అని రెండు వేళ్ళంత జాగా. పంతొమ్మిదేళ్ళుగా ఆ జాగాలో 'ఏమీ లేవు' అని రాసి సంతకం పెడుతున్నాను. ఇవాళ ఒళ్ళు మండుతోంది కాబట్టి గీతలు దాటి రాస్తాను. పేరు గనగళ్ళ నూకాలు, నలభై ఎనిమిదేళ్ళు, గాలిఓడ 'గోరువంక'ని నడిపే సరంగుని. నచ్చని వాళ్ళు పేజీ తిప్పుకోవచ్చు.

పొద్దున్నే సరుకు ఎక్కించాం. మునిగిన పట్నం మీద తేలే ఉప్పు తెప్పల నుంచి ముప్ఫై బస్తాలు, గొంతువాపు జ్వరానికి మందు రెండు పెట్టెలు. అన్నీ ఏడుమెట్టల ఊరికే. ఆ కొండల్లో ఉప్పు పుట్టదు, మందు పుట్టదు, జ్వరం మాత్రం పుట్టింది. ఈ నెలలోనే తొమ్మిదిమంది పిల్లలు పోయారు. కొండ మీంచి కొండ మీదికి అద్దాలతో ఎండను మెరిపించి కబుర్లు పంపుతారు. నిన్నటి కబురులో కొత్తగా పడకేసిన పిల్లల పేర్లు వచ్చాయి. నాలుగో పేరు పైడి.

పైడి నా చెల్లెలి కూతురు. తొమ్మిదేళ్ళది. చెల్లెలు పోయాక ఏడుమెట్టల్లో మేనత్త దగ్గర పెరుగుతోంది. దాని తండ్రి ఎల్లాజీ నా ఓడలోనే బాయిలరు మనిషి. కబురు వచ్చినప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు. తుడిచిన గొట్టాలనే మళ్ళీ తుడుస్తున్నాడు.

తర్వాత కాటా. గాలిఓడ ఎక్కే ప్రతి మనిషీ రేవు కాటా మీద నిలబడాల్సిందే. నేను ఆరు మణుగులకి వీసె తక్కువ. ఎల్లాజీ అయిదు మణుగుల మూడు వీసెలు. సంచి కుట్టే అప్పలకొండ మూడున్నర మణుగులు. అరవై రెండేళ్ళ మనిషి, నిలువునా తడిసినా నాలుగు తూగదు. పైన సంచిలో ఎంత తేలికగాలి ఉందో కింద ఎంత బరువుందో సరిపోయిందని చూసుకుని, తాళ్ళు విప్పబోతున్నాం. అప్పుడు వచ్చారు ఈ రేవుల్ని ఏలే వాయుమండలి ఉత్సవాధికారి సర్వేశ్వరరావు గారు, బండి కట్టించుకుని.

బండిలో గడ్డి మధ్య ఇత్తడి మనిషి పడుకుని ఉన్నాడు. మండలిని నెలకొల్పిన మొదటి వాయుపతి గారి విగ్రహం. మీసాలతో కలిపి పదిహేను మణుగులు. అష్టమి నాడు ఏడుమెట్టల్లో ఆవిష్కరణట. జ్వరాలతో పిల్లలు పోతున్న ఊళ్ళో ఆవిష్కరణ ఏమిటని నేను అడగలేదు. అడిగినా ముహూర్తం మారదు. పదిహేను మణుగుల ఇసుక మూటలు దించి ఆయన్ని ఎక్కించాం. కాటా ఎక్కమంటే అధికారి గారు "నన్ను కూడానా?" అన్నారు. ఏడు మణుగుల రెండు వీసెలు.

ఇక్కడ మా కట్టడి ఒకటి రాయాలి, రేవు మనుషులు కానివాళ్ళు చదివితే తెలియదు కనుక. పైకి వెళ్ళాక సంచి నీరసిస్తే బరువు పారెయ్యాలి. ఎవరి సరుకు పారెయ్యాలి అన్న తగువు గాల్లో రాకూడదని పాత సరంగులు నియమం పెట్టారు. చివర ఎక్కింది మొదట దిగాలి. దీనికి ఒక్కటే మినహాయింపు. ప్రయాణానికి ఒక్క సరుకుకి సరంగు కుంకుమ బొట్టు పెట్టవచ్చు. ఏది తప్పకుండా చేరాలో దానికి. బొట్టు పెట్టిన సరుకుని ఓడ కొండకి గుద్దుకుంటున్నా ఎవరూ ముట్టరు. పెట్టిన బొట్టు చెరపాలంటే సరంగు అందరి ముందూ నిలబడి, 'నేను పెట్టింది అబద్ధపు బొట్టు' అని తన నోటితో చెప్పాలి. చెప్పిన సరంగు మళ్ళీ ఓడ ఎక్కడానికి లేదు. నాకు తెలిసి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

కుంకుమ భరిణె పట్టుకుని మందుపెట్టెల దగ్గరికి వెళ్తుంటే అధికారి గారు నన్ను పొగగొట్టం పక్కకి పిలిచారు.

"ఈ సంచికి ఎన్నేళ్ళమ్మా?"

"తొమ్మిది."

"మాసికలు?"

"నలభై ఒకటండి."

"కొత్త సంచుల జాబితా నా బల్ల మీదే ఉంది. మూడు సంచులు, అడిగేవాళ్ళు ఇరవై రెండుమంది. నేను ఎవరినీ ఏమీ కోరను. ఆ విగ్రహానికి బొట్టు పెట్టి తీసుకొచ్చిన ఓడంటే మండలిలో అందరికీ గుర్తుంటుంది."

నేను లెక్కవేసుకున్నాను. మందుపెట్టెలు రెండూ కలిపి మణుగు లేవు. బొట్టు లేకపోయినా వాటిని పారేసే దరిద్రుడు నా ఓడలో లేడు. అక్కడ పెట్టే బొట్టు దండగ. ఇక్కడ పెడితే కొత్త సంచి. ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టి అలిసిపోయాను. పెట్టాను. ఇత్తడి నుదుటి మీద కుంకుమ నిలవకపోతే కాస్త నూనె రాసి మరీ పెట్టాను.

మందుకి పెట్టలేదేమని ఎల్లాజీ అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు.

విదియ. ఎత్తు రెండు వేల నాలుగువందల అడుగులు. గాలి ఈశాన్యం, నిన్నటికంటే జోరు.

తెల్లారేసరికి నిన్న ఉన్న ఎత్తుకి రెండొందల అడుగులు కింద ఉన్నాం. ఇసుక సగం వదిలాం. అప్పలకొండ కుంకుడు నురుగు కుండ నడుముకి కట్టుకుని తాడు నిచ్చెన ఎక్కి సంచి మీదికి పోయింది. కుట్టు మీద నురుగు రాస్తే ఎక్కడ బుడగ లేస్తే అక్కడ కారుతున్నట్టు. పొద్దున పోయిన మనిషి ఎండెక్కాక దిగింది.

"ఇది సంచేటి, జల్లెడ గాని" అంది. "నలభై రెండోది ఏసినాను. నలభై మూడోది ఎక్కడెయ్యాలో గూడా తెలుసును. అది ఏస్తుండగా నలభై నాలుగోది నోరు తెరుస్తాది."

"జిగురు పట్టిందా?"

"ఈ సలికి చింతగింజల జిగురు పడతాదేటి? సేత్తో పట్టుకుని కూకుంటే పట్టినట్టు. ఒగ్గీసినామంటే పోయినట్టు."

వెనక్కి తిరుగుదామా అని ఆలోచించాను. ఈ గాలికి ఎదురు నడవాలంటే ఆరు రోజుల బొగ్గు కావాలి, మూడు రోజులది ఉంది. గాలి ఎటు తోస్తే అటే. ముందున్నది ముసలమ్మ కనుమ, నాలుగు వేల ఏడొందల యాభై అడుగులు. అది దాటితే ఏడుమెట్టలకి దిగుడే.

అధికారి గారికి గాలి పడక వాంతులు. అయినా విగ్రహం మెడలో దండ వాడిందని నన్ను రెండుసార్లు పిలిచారు.

తదియ. ఎత్తు మూడు వేల తొమ్మిదివందలు. ఇసుక లేదు.

ఇవాళ ఉప్పు పారేశాం. ఉప్పు గురించి రాస్తే ఏడుపొస్తుంది కాబట్టి క్లుప్తంగా రాస్తాను. పొద్దున పది బస్తాలు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రానికి మిగతా ఎనిమిది. కింద అడవి, ఆ అడవిలో మనుషులు లేరు. పై కొండల్లో ఉప్పు లేక గంజి చప్పగా తాగే వాళ్ళు ఈ ఓడ కోసం ఎదురుచూస్తున్నారు.

"ఉప్పుదేముంది, మళ్ళీ పంపిస్తారు" అన్నారు అధికారి గారు. ఆయనకి వాంతులు తగ్గాయి.

బస్తాలు మోసింది ఎల్లాజీయే. పద్దెనిమిదో బస్తా దగ్గర ఆగి, చెమట తుడుచుకుని, నా వైపు చూడకుండా అన్నాడు.

"ఆకరున ఎక్కింది ముందు దిగాల గదా, వదినా."

"బొట్టున్నాది గదా, మరిదీ."

"అవును. బొట్టున్నాది" అని పంతొమ్మిదో బస్తా ఎత్తాడు.

విగ్రహం అందరికంటే చివర ఎక్కింది. బొట్టు లేకపోతే నిన్న పొద్దున్నే పోయేది, ఉప్పు కొంతైనా మిగిలేది. ఆ మాట ఓడలో అందరికీ తెలుసు. బొట్టు ఎందుకు పడిందో తెలిసింది మాత్రం నాకూ అధికారి గారికే అనుకుని, తల వంచుకుని మీటర్లు చూశాను.

చవితి. కనుమ దాటాక, పొద్దువాలే వేళ రాస్తున్నాను.

పొద్దున కనుమ ముందుకి వచ్చేసరికి ఎత్తు నాలుగు వేల ఆరువందలు. నూట యాభై అడుగులు తక్కువ. పారెయ్యగలిగినవన్నీ పారేశాం. రెండో లంగరు, వంట గిన్నెలు, పడకలు, నా పెట్టె, అప్పలకొండ దారపు బుట్ట. అధికారి గారి పెట్టె కూడా పోయింది. అందులోంచి ఉపన్యాసం కాగితాలు మాత్రం తీసి జేబులో పెట్టుకున్నారు. అంతా చేస్తే నూరడుగులు లేచింది. ఇంకో అయిదు మణుగులు తగ్గితే గాని దాటదు.

కనుమ గోడలో మంచంపాటి రాతి అరుగు ఒకటి ఉంది. ఎల్లాజీ తాడు విసిరి ఓడని దానికి కట్టాడు. ఎదర మంచు దట్టంగా ఉంది, విడేవరకు కదలడానికి లేదు. నాలుగు గంటలు అక్కడే వేళ్ళాడాం.

ఎవరు దిగాలి అన్న మాట మొదట అన్నది అధికారి గారు. అంటూనే, తను లేకపోతే ఏడుమెట్టల రేవులో ఓడని దిగనివ్వరని కూడా చెప్పారు. నేను దిగితే చుక్కాని పట్టేవాళ్ళు లేరు. అప్పలకొండ సంచి చిరుగుని చేత్తో పట్టుకుని ఉంది, పైగా ఆమె బరువు చాలదు. అవతల అంతా దిగుడు గనుక బాయిలరు నేను చూసుకోగలను.

"నాను దిగుతాను" అన్నాడు ఎల్లాజీ. "ఇందులో ఆలోసించడానికి ఏటున్నాది? మందు బేగి సేరాల."

ఎవరి బరువు ఎంతో నాకు వీసెలతో సహా తెలుసు. పదిహేను మణుగులది ఓడ నడిమధ్య నిలబడి ఉంది, మెడలో వాడిన దండతో. ముగ్గురు ఎల్లాజీలకి కాస్త తక్కువ. నేను ఒక్క వాక్యం అంటే చాలు, అందరం కలిసి దాన్ని తోసేసి హాయిగా దాటేవాళ్ళం. ఆ వాక్యం నోట్లో తయారుగా ఉంది. దానితోపాటే సరంగుతనం పోతుంది. పంతొమ్మిదేళ్ళు. ఆడదానికి చుక్కాని ఏమిటన్న రేవులో, ఆ మాట అన్నవాళ్ళ చేత సరంగుగారూ అనిపించుకోవడానికి పట్టిన పంతొమ్మిదేళ్ళు. రెండు రోజుల్లో వచ్చి ఎల్లాజీని తీసుకుపోతే సరిపోతుంది కదా, దానికి ఇదంతా ఎందుకు అని నాకు నేను చెప్పుకున్నాను. చాలా బాగా చెప్పుకున్నాను.

ఆ నాలుగు గంటల్లో అతను బాయిలరు ఎలా చూసుకోవాలో నాకు రెండుసార్లు చెప్పాడు. తర్వాత విగ్రహం పక్కన గొంతుక్కూచుని పీచుగుడ్డతో చేతుల మసి తుడుచుకున్నాడు.

"వదినా, ఏటైనా సెప్తావా?"

"ఏటి సెప్పాల?"

"ఏటీ నేదు. ఊరికే."

నేను ఆవిరి మీటరు వైపు తిరిగాను. అప్పుడు దాన్ని చూడాల్సిన అవసరం ఏమీ లేదు.

మధ్యాహ్నం దాటాక మంచు విడింది. అతను అరుగు మీదికి దిగాడు. రెండు దుప్పట్లు, కుండెడు నీళ్ళు, మూటెడు అటుకులు, ఒక అగ్గిపెట్టె ఇచ్చాం. కిందకి గానీ పైకి గానీ ఆ గోడ మీద దారి లేదు.

"ఎల్లుండి వత్తాను మరిదీ."

"బేగొచ్చీ వదినా. పైడికి సెప్పు, నాన్న ఎనకాలొత్తన్నాడని."

తాడు విప్పాడు. ఓడ లేచింది. కనుమ రాళ్ళకీ మా అడుగుకీ మధ్య మనిషెత్తు కూడా లేదు, అయినా దాటాం. అధికారి గారు విగ్రహం కాళ్ళకి దణ్ణం పెట్టి, ఇదంతా వాయుపతి గారి చలవ అన్నారు. అప్పలకొండ పైనుంచి కిందికి ఉమ్మింది. ఎవరి మీద పడాలని ఉమ్మిందో అడగలేదు.

పంచమి. ఏడుమెట్టల రేవు.

మందు చేరింది. ఇరవై మూడుమంది పిల్లలకి ఇచ్చారు. పైడి గొంతు బయటికి కూడా ఉబ్బి ఉంది, గుటక పడటం లేదు. మందు పట్టించాక దాని అత్త ఒళ్ళో పడుకుని నన్ను చూసి పెదాలు కదిపింది. నాన్నేడి అంటోందని అర్థమైంది.

"ఎనకాల వత్తన్నాడమ్మా" అన్నాను.

అక్కడి నుంచి నేరుగా అధికారి గారి విడిదికి వెళ్ళాను. తిరిగి కనుమకి వెళ్ళాలంటే సంచిలో తేలికగాలి నింపుకోవాలి. ఇనుప రజను మీద ఆమ్లం పోసి తీసే ఆ గాలికీ, గాలికి ఎదురు నడవడానికి కావలసిన బొగ్గుకీ ఆయన చీటీ ఉండాలి.

"అష్టమి నాడు ఓడ పైనుంచి పూలు చల్లాలి. కార్యక్రమంలో రాసి ఉంది. ఆ తర్వాత మీ ఇష్టం" అన్నారు.

"అక్కడ మనిషున్నాడండి."

"అతను స్వచ్ఛందంగా దిగాడు కదమ్మా. మీ పుస్తకంలో కూడా అలాగే రాయండి."

అలాగే రాశాను. పైన ఆయన మాటలు చేర్చి రాశాను, అంతే తేడా.

సప్తమి. ఏడుమెట్టల్లోనే.

నిన్నా ఇవాళా కనుమ వైపు నల్లటి మబ్బు. పుష్య మాసంలో ఇలా వాన పడటం ఈ కొండల్లో ఎవరూ చూడలేదట. నడిచి వెళ్ళి అతన్ని అందుకోవచ్చా అని ఊరి మునసబుని అడిగాను. పోయిన వానాకాలంలో కనుమకి పోయే బాట లోయలోకి జారిపోయిందని చెప్పాడు. ఇద్దరు కుర్రాళ్ళు అయినా బయల్దేరి, చీకటి పడకముందే తిరిగొచ్చారు.

పైడి ఇవాళ గంజి తాగింది. ఉప్పు లేని గంజి.

బొగ్గు గిడ్డంగికి తాళం ఒక్కటే. పాత తాళం. నా దగ్గర రెంచి ఉంది, అప్పలకొండ రెండుసార్లు ఆ రెంచి వైపూ నా వైపూ చూసింది. పగలగొట్టవచ్చు. కొత్త సంచి కాగితం మీద ఇంకా సంతకం పడలేదు. పగలగొట్టలేదు. ఈ ముక్క రాయడానికి సిగ్గుగా ఉంది, రాయకపోతే ఇంకా సిగ్గుగా ఉంటుంది.

అష్టమి.

ఆవిష్కరణ అయింది. తెర తీయగానే ఇత్తడి నుదుటి మీద బొట్టు కనబడి జనం చేతులు జోడించారు. ఓడ సిబ్బంది భక్తిశ్రద్ధల గురించి అధికారి గారు ఉపన్యాసంలో రెండు వాక్యాలు చెప్పారు. పైనుంచి నేను మూడు బుట్టల బంతిపూలు చల్లాను. బిడ్డల్ని పోగొట్టుకున్న ఆడవాళ్ళు కొందరు వెనక నిలబడి ఉన్నారు. పూలు పడుతుంటే వాళ్ళు పైకి చూడలేదు.

సాయంత్రం సంతకం పడింది. గోరువంకకి కొత్త సంచి మంజూరు. బొగ్గు చీటీ, గాలి చీటీ దానికి గుచ్చి ఇచ్చారు.

నవమి. ముసలమ్మ కనుమ. గాలి తగ్గింది.

తెల్లారకముందే బయల్దేరి మధ్యాహ్నానికి చేరాం. సంచి నిండుగా ఉంది, సరుకు లేదు, ఓడ హాయిగా నడిచింది. దూరం నుంచి అరుగు కనిపించగానే ఆవిరి కూత వేశాను. మూడుసార్లు వేశాను.

ఎల్లాజీ గోడకి ఆనుకుని కూచున్నట్టే ఉన్నాడు. దుప్పట్లు రెండూ తడిసి బిగుసుకుపోయాయి. అగ్గిపుల్లలు అన్నీ గీసేశాడు, తడి పుల్లలు వెలగలేదు. అటుకులు సగం మిగిలే ఉన్నాయి. అరుగు చివర, తాడు విసిరితే తగులుకునేలా, రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చి నడుమెత్తు దిమ్మ కట్టాడు. మొన్న దిగినప్పుడు తాడు కట్టడానికి అక్కడ సరైన ఆధారం లేదు. నేను వచ్చేసరికి ఇబ్బంది పడకూడదని కట్టి ఉంటాడు. ఓడని దానికే కట్టాను. గట్టిగా ఆగింది.

నేనూ అప్పలకొండా అతన్ని ఓడలోకి తెచ్చి పడుకోబెట్టాం. ఆమె అతని మొహం తుడిచి, కొంగుతో చేతులు తుడుచుకుని, నా ఎదురుగా కూచుంది.

"ఆడికి తెలుసును, నూకాలూ."

"ఏటి తెలుసును?"

"బొట్టు సంగతి. పొగగొట్టానికి అటేపు నిలబడి అంతా ఇన్నాడు. ఆ దినమే నాకు సెప్పినాడు. మరి అడగరా అన్నాను. అడగనన్నాడు. మా వదిన మనిషిని దింపీసి ఇత్తడిని మోసీ మనిషి కాదు, టైమొచ్చినప్పుడు తానే సెప్తాది, మనం అడిగితే సిన్నబుచ్చుకుంటాది అన్నాడు."

నువ్వైనా అనలేకపోయావా అన్నాను.

"బొట్టు నీది. నోరు నీది. ఆడు తాడు విప్పీదాకా నువ్వు సెప్తావనే సూసినాను. విప్పినాక గూడా సూసినాను."

ఆమె మళ్ళీ నిచ్చెన ఎక్కి తన పనికి పోయింది. నేను చుక్కాని దగ్గరే కూచుని ఏడ్చాను. ఆ నాలుగు గంటలు మంచు కోసం అనుకున్నాను. అతను నా కోసం కూచున్నాడు.

దశమి. ఏడుమెట్టలు.

ఎల్లాజీని ఊరు ఊరంతా కలిసి కాటికి సాగనంపింది. అది అయ్యాక మునసబునీ, రేవు మనుషుల్నీ, అధికారి గారినీ విగ్రహం దగ్గరికి పిలిపించి, అందరి ముందూ నిలబడి ఆ వాక్యం చెప్పాను. నేను పెట్టింది అబద్ధపు బొట్టు. ఎందుకు పెట్టానో కూడా చెప్పాను. అధికారి గారు దుఃఖంలో మతి చలించిందన్నారు. రేవు మనుషులు అలా అనలేదు. వాళ్ళకి కట్టడి తెలుసు. పెద్ద కళాసీ వచ్చి నా చేతిలోని చుక్కాని తాళం తీసుకున్నాడు. కొత్త సంచి వేసుకుని గోరువంక ఎగురుతుంది, వేరే సరంగుతో. ఈ పుస్తకంలో ఇదే నా చివరి పేజీ.

జనం వెళ్ళిపోయాక చూస్తే పైడి ఇంకా అక్కడే ఉంది. అత్త శాలువా కప్పుకుని, గొంతుకి గుడ్డ చుట్టుకుని. గొంతు ఇంకా బొంగురు. అంతా విన్నది.

"ఈ మాట అక్కడ ఏల సెప్పనేదు పెద్దమ్మా?"

దానికి అబద్ధం చెప్పే ఓపిక నాకు లేదు.

"సెప్తే ఓడ పోతాదని భయమేసినాది."

పైడి కోపంగా లేదు. నిజంగానే అర్థం కానట్టు నా మొహం చూసింది.

"ఓడ పోతే మాతో ఉండిపోదువు గదా, పెద్దమ్మా. నువ్వూ, నాన్నా, నానూ."

అది నాకు తోచలేదు. నాలుగు గంటల్లో ఒక్కసారి కూడా తోచలేదు.